కుడివైపు సీటు

పోయిన వారం పిట్టను వంటింటి గుమ్మంలో, చెవికి ఫోను ఆనించుకుని, నోరు తెరుచుకున్న భంగిమలో వదిలేసి వచ్చాం. ఆ ఫోను మామయ్యది. "ఎటూ తేల్చుకోకు. రేపు మధ్యాహ్నం నాతో రా. మీ అమ్మకి మాత్రం చెప్పకు," అని మూడు ముక్కలు చెప్పి పెట్టేశాడు. ఇన్నాళ్ళూ తేల్చుకో తేల్చుకో అని ప్రాణం తీసిన మనిషి ఉన్నట్టుండి తేల్చుకోవద్దంటే ఎవరికైనా నోరు తెరుచుకోక ఏమవుతుంది?

ఇప్పుడే ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు మాటలు. పిట్టకి విమానం నడపాలని ఉంది. వెనక సీట్లలో జనం కునుకు తీస్తుంటే ముందు కూర్చుని నడిపే పెద్ద విమానం. ఆ సీటు దాకా పోవడానికి రెండు దారులున్నాయి. వైమానిక దళంలో చేరితే వాళ్ళే నేర్పిస్తారు, కొన్నేళ్ళు వాళ్ళకి నడిపిపెట్టి ఆ తర్వాత ఎయిర్‌లైన్స్‌కి రావచ్చు. లేదంటే సొంత ఖర్చుతో ఫ్లయింగ్ స్కూల్లో చేరి, లైసెన్సు చేతపట్టుకుని తిన్నగా ఎయిర్‌లైన్స్‌కే పోవచ్చు. మొదటి దారిలో ఏళ్ళు పోతాయి, రెండో దారిలో అమ్మ కుట్టుషాపు తాకట్టుకి పోతుంది. ఏదో ఒకటి రాకుండా పోతుంది, బాధ వదులుతుంది అన్న ఆశతో పిట్ట రెండింటికీ ప్రయత్నించింది. ఆ పిల్ల అదృష్టమో ఖర్మో గాని రెండు చోట్ల నుంచీ పిలుపొచ్చింది. దళం వాళ్ళ ఇంటర్వ్యూకి సోమవారం పొద్దున్నే రైలెక్కాలి. స్కూలు సీటు కావాలంటే అదే సోమవారం పొద్దున్న వెళ్ళి చేరాలి. ఇవాళ ఆదివారం.

స్నేహితురాలింటికని అమ్మతో అబద్ధం చెప్పి, వీధి మలుపులో ఆగి ఉన్న మామయ్య కారెక్కింది పిట్ట.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. ఒకప్పుడు ఒంటరిగా కూర్చుని యుద్ధవిమానాలు నడిపినవాడు. దళం వదిలి ఎయిర్‌లైన్స్‌కి వచ్చేసరికి తలలో తెల్ల వెంట్రుకలు మొదలయ్యాయి. ఇక్కడ లెక్క వయసుతో కాదు, చేరిన తేదీతో. అందుకని తనకంటే ఎంతో చిన్నవాళ్ళు ఎడమ సీట్లో కెప్టెన్లుగా కూర్చుంటే, పక్కన కుడి సీట్లో కూర్చుని "సార్" అనాల్సి వచ్చేది. అయినా సరే, దళం పేరెత్తితే చాలు మామయ్య ఛాతీ రెండంగుళాలు పొంగుతుంది. "ముందు అక్కడ చేరు. అక్కడ మనిషిని చేస్తారు. ఎయిర్‌లైన్స్ ఎక్కడికి పోతుంది?" ఇది ఆయన పాట. నెలల తరబడి అక్క చెవిలో ఇల్లు కట్టుకుని ఇదే పాట పాడాడు. అమ్మ మాత్రం ససేమిరా అంది. షాపు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు, పిల్ల పోతే ఎక్కణ్ణించి తెస్తావు అని అడిగేది.

అంత పాట పాడే మనిషి ఇవాళ కారులో ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు. ఎప్పుడూ ఈల వేస్తూ నడిపేవాడు, ఇవాళ ఇండికేటరు వేసి దాన్ని ఆపడం కూడా మర్చిపోయాడు. అది టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"ఎక్కడికి మామయ్యా?"

"సిమ్యులేటర్ దగ్గరికి."

"ఎందుకు?"

"చూద్దువుగాని."

గోడౌన్ల వరస వెనక కిటికీలు లేని పొడవాటి భవనం. లోపల, సినిమాహాలంత ఎత్తున్న గదిలో, ఉక్కు కాళ్ళ మీద నిలబడి ఉన్న ఓ తెల్లటి పెట్టె. బయటినుంచి చూస్తే నీళ్ళ ట్యాంకు అనుకోవాలి. లోపలికి పోతే మాత్రం అచ్చం విమానం ముందు భాగం. రెండు సీట్లు, మధ్యలో మీటలు, తల మీద దాకా స్విచ్చులు, అద్దం అవతల రన్‌వే బొమ్మ. మీట కదిపితే పెట్టె మొత్తం కాళ్ళ మీద ఊగుతుంది. పడిపోతే ఎవరూ చావరు. పైలట్ల తప్పులన్నీ అక్కడే చేయించేసి పంపిస్తారు.

వాళ్ళకంటే ముందే లోపల ఒకావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడు తాడుకి కట్టుకుని మెడలో వేసుకున్న పొట్టి మనిషి. పిట్ట ఆవిణ్ణి చూసి గతుక్కుమంది. ఆవిడ టీచరమ్మ. పిట్టకి సీటిచ్చిన ఫ్లయింగ్ స్కూల్లో పెద్ద ఇన్‌స్ట్రక్టరు. పొద్దున్న స్కూల్లో పిల్లలకి ఎగరడం నేర్పి, మధ్యాహ్నాలు ఇక్కడ పెద్దవాళ్ళకి తప్పులు చూపిస్తుంది. సొంత ఖర్చుతో నేర్చుకుని, దళం గడప తొక్కకుండా ఎయిర్‌లైన్స్‌లో ఏళ్ళ తరబడి నడిపిన మనిషి. పిట్ట కనిపించినప్పుడల్లా, "పడుచు వయసంతా అక్కడ ధారపోస్తే ఇక్కడికొచ్చేసరికి నీకంటే చిన్నవాళ్ళు నీ నెత్తి మీద ఉంటారు, మీ మామయ్యని చూసి నేర్చుకో," అని ఊదరగొట్టేది.

ఉప్పూ నిప్పూ లాంటి ఈ ఇద్దరూ ఒకే పెట్టెలో ఏం చేస్తున్నారో పిట్టకి బొత్తిగా అర్థం కాలేదు.

"మీ పక్కన కూర్చునేవాడు రాలేదా కెప్టెన్ గారూ?" అంది టీచరమ్మ. మామయ్య ఇంకా కెప్టెన్ కాలేదు. ఎడమ సీటు కోసం శిక్షణ నడుస్తోంది, మంగళవారం ఆఖరి పరీక్ష. అది కాకముందే ఆవిడ అలా పిలవడం ఆటపట్టించడానికి.

"జ్వరమట. ఇందాకే ఫోన్ చేశాడు."

"అయితే పిల్లని కూర్చోబెట్టండి."

"దానికేం తెలుసండీ?"

"చూడటం తెలుసుగా. చూసి ఒక్క మాట అనాలి, అంతే. విమానం సంగతి ఆటోపైలట్ చూసుకుంటుంది."

అలా పిట్ట జీవితంలో మొదటిసారి పెద్ద విమానం కుడివైపు సీట్లో కూర్చుంది. నిజం విమానం కాకపోతేనేం, బెల్టు రెండుసార్లు లాగి బిగించుకుంది.

టీచరమ్మ వెనక తన తెరల ముందు కూర్చుని పని చెప్పింది. "గాల్లో ఒక ఇంజిన్ పాడవుతుంది. పాడైనదాన్ని ఆపెయ్యాలి. ఇంజినుకొకటి చొప్పున మధ్యలో రెండు మీటలున్నాయి చూశావా? మామూలుగా ఈ పని ఇద్దరూ పంచుకుంటారు, ఇవాళ్టికి మీ మామయ్యే చేస్తాడు. ముందు మీట మీద చెయ్యి వేస్తాడు. ఏ ఇంజినో పైకి చెప్తాడు. చెప్పి ఆగుతాడు. నువ్వు ఆయన చెయ్యి చూడు, ఇంజిన్ల ముళ్ళు తిరిగే ఆ గడియారాల వైపు చూడు. రెండూ కలిస్తే 'కన్ఫర్మ్' అను. కలవకపోతే 'ఆగండి' అను. నువ్వు కన్ఫర్మ్ అనేదాకా ఆయన మీట కదపకూడదు. ఎంత పెద్ద కెప్టెనయినా సరే, ఇది ఒంటిచేత్తో చెయ్యకూడని పని."

"ఇంతేనా?" అంది పిట్ట.

"ఇంతే," అంది టీచరమ్మ.

రన్‌వే కిందికి జారిపోయింది. పెట్టె వెనక్కి వాలింది. అంతలో ఎర్రదీపం వెలిగి, గంట మోగింది. ఎడమ ఇంజిన్ ముల్లు కిందికి పడిపోయింది. పిట్ట ఆ ముల్లు వైపు చూసి తల తిప్పేలోపే మామయ్య మీట లాగేశాడు.

"ఆగలేదు," అంది టీచరమ్మ వెనకనుంచి.

"సరైనదే కదండీ లాగింది?"

"సరైనదే. కానీ పిల్ల చూడలేదు. మళ్ళీ."

రెండోసారీ అంతే. నోరు "ఎడమ" అనేసరికే చెయ్యి పని కానిచ్చేసింది. మామయ్య మెడ మీద చెమట పట్టింది. చొక్కా కాలరు తడిసింది. పిట్టకి ఆశ్చర్యం వేసింది. చిన్నప్పుడు తలకిందులుగా ఎగిరిన కథలు చెప్పి తన కళ్ళు గుండ్రంగా చేసిన మనిషి, ఒక్క క్షణం ఆగడానికి ఇంత అవస్థ పడుతున్నాడేమిటి?

"కెప్టెన్ గారూ, పక్కన మనిషి ఉంది."

"తెలుసండీ."

"మీ చేతికి తెలీదు."

మూడోసారి కుడి ఇంజిన్ పోయింది. విమానం ముక్కు కుడివైపు లాగేసింది. ఆ లాగుడు ఆటోపైలట్‌కి అందేది కాదు, దాన్ని నిలబెట్టడానికి మామయ్య ఎడమకాలి కింది పెడల్ బిగించి తొక్కాడు. పెదవులు కరుచుకున్నాడు. ఈసారి తప్పకుండా ఆగాలని ఒళ్ళంతా బిగబట్టుకున్నట్టు పిట్టకి తెలుస్తూనే ఉంది. చెయ్యి మీట మీద పడింది.

"కుడి ఇంజిన్," అన్నాడు. అని ఆగాడు.

పిట్ట చూసింది. కుడి ముల్లు పడిపోయి ఉంది. మామయ్య నోరు కుడి అంది. చెయ్యి మాత్రం ఎడమ మీట మీద ఉంది. ఎడమకాలు తొక్కీ తొక్కీ చెయ్యి కూడా కాలు వెంట పోయినట్టుంది. బాగున్న ఇంజిన్ మీద చెయ్యి వేసి, ఆపెయ్యనా అని తన అనుమతి అడుగుతున్నాడు.

పిట్టకి స్పష్టంగా కనపడింది. కనపడలేదని అబద్ధం చెప్పడానికి వీల్లేనంత స్పష్టంగా. మామయ్య తనవైపే చూస్తున్నాడు. సైకిలు నేర్పింది ఆయన. లెక్కలు చెప్పింది ఆయన. నాన్న పోయిన తర్వాత స్కూలు మీటింగులన్నిటికీ యూనిఫారం వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది ఆయన. ఆయనకి తెలీకుండా ఉంటుందా, నేనే తప్పు చూస్తున్నానేమో, ఇదేదో నాకు తెలియని పద్ధతేమో...

"కన్ఫర్మ్," అంది పిట్ట.

మామయ్య లాగేశాడు. రెండు ముళ్ళూ పడిపోయాయి. అప్పటిదాకా చెవుల్లో ఉన్న హోరు ఆగిపోయింది. అద్దంలో నేల పైకి రావడం మొదలుపెట్టింది. ఊరు, రోడ్లు, చిన్న చిన్న కప్పులు. అంతలో టీచరమ్మ ఏదో నొక్కింది. బొమ్మ అలాగే ఆగిపోయింది. పెట్టె నిట్టూర్చి కాళ్ళ మీద సర్దుకుంది.

మామయ్య తన చేతి వైపు, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"పిల్లకి తెలీదులెండి," అన్నాడు చివరికి. "దాన్ని కూర్చోబెట్టడమే తప్పు."

టీచరమ్మ లేచి వచ్చి రెండు సీట్ల మధ్య వంగింది. "నువ్వు చూశావా?"

చూడలేదంటే అక్కడితో అయిపోయేది. మామయ్య పరువూ దక్కేది, తన పరువూ దక్కేది. కానీ ఆవిడ కళ్ళజోడు లోంచి కాకుండా పైనుంచి చూస్తోంది. అలా చూసేవాళ్ళ ముందు పిట్టకి అబద్ధం రాదు.

"చూశాను మేడమ్."

"ఎడమ మీద ఉందని తెలిసిందా?"

"తెలిసింది."

"మరి?"

"మామయ్య కదండీ," అంది పిట్ట. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ అదెంత తలాతోకా లేని జవాబో తెలీలేదు. చెవులు వేడెక్కాయి. ఏడుపు కూడా వచ్చేలా ఉంది.

మామయ్య తిట్టలేదు. బెల్టు విప్పుకుని, సీట్లో వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నాడు. "విన్నారా టీచరమ్మా. మాటలే వేరు, జవాబు అదే," అన్నాడు.

పిట్టకి అర్థం కాలేదు.

"నేను పోయిన నెల పరీక్షకి వెళ్ళాను పిట్టా. ఫెయిలయ్యాను. సెలవు పెట్టాను, ఒంట్లో బాగోలేదు అని మీ అమ్మకి చెప్పింది అబద్ధం. ఇదే తప్పు. పక్కన కూర్చున్న కుర్రాడు చూశాడు. చూసి కన్ఫర్మ్ అన్నాడు. ఎందుకన్నావురా అని అడిగితే, 'యుద్ధవిమానాలు నడిపిన సార్ మీరు, మీకు తెలీదా అనుకున్నాను' అన్నాడు. మంగళవారం రెండోసారి. ఈసారి కూడా పోతే ఇంక ఎడమ సీటు లేదు. జీవితాంతం కుడివైపే."

మామయ్య ఫెయిలవడం అనేది తన ఊహకి ఎప్పుడూ అందని విషయం. ఇంట్లో ఆయన ఫోటో టీవీ పైన ఉంటుంది. ఆయన హెల్మెట్టు పెట్టుకుని నవ్వుతున్న ఫోటో.

ముగ్గురూ కిందికి దిగి, భవనం చివర కాఫీ మిషను దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీల్లో కూలబడ్డారు. మిషను ముగ్గురికీ ఒకే రుచిలేని కాఫీ ఇచ్చింది. మామయ్య కప్పు చేతుల్లో తిప్పుతూ అసలు మాటకి వచ్చాడు.

"అందుకే తీసుకొచ్చాను నిన్ను. దళంలో చేరకు."

పిట్ట కప్పు కింద పెట్టేసింది. "ఏంటి?"

"స్కూల్లో చేరు. మొదటిరోజు నుంచీ పక్కన మనిషితో మాట్లాడుతూ నడపడం నేర్చుకో. అక్కడ నా పక్కన సీటే లేదు పిట్టా. ఆలోచించేదీ నేనే, చేసేదీ నేనే. అడిగి చేస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యమయితే చస్తావు. అన్నేళ్ళు అలా బతికిన చేతిని ఇప్పుడు ఆగవే అంటే ఆగట్లేదు. అడిగినప్పుడేమో నా మొహం చూసి ఎవరూ కాదనట్లేదు."

మామూలుగా అయితే టీచరమ్మ ఇక్కడ బల్ల చరిచి, నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే కదా అనాలి. పిట్ట ఆ మాట కోసమే ఎదురుచూసింది. హమ్మయ్య, ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు, ఇంక తేలిపోయినట్టే అనుకుంది.

"నేనొప్పుకోను," అంది టీచరమ్మ. "దళంలోనే చేరమనండి."

ఈసారి ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకోవడం మామయ్య వంతు.

"మీరేనా అంటున్నది?"

"నేనే. ఇందాక పిల్లని చూశారుగా. కళ్ళున్నాయి, తెలివుంది, చూసింది కూడా. అయినా గొంతు పెగల్లేదు. మాట నేను నేర్పిస్తాను కెప్టెన్ గారూ, ఎదుటివాడి మొహం మీద చెప్పే గుండె నేను నేర్పలేను. మా స్కూల్లో ఫీజు కట్టేది పెద్దవాళ్ళు. వాళ్ళ పిల్లల తప్పు చెప్పాలంటే మేము పంచదార అద్ది చెప్తాం. మీ దళంలో ఎగిరి వచ్చాక అందర్నీ ఓ గదిలో కూర్చోబెట్టి, చిన్నా పెద్దా లేకుండా, నువ్విక్కడ తప్పు చేశావని చెప్పిస్తారట కదా. నిజమేనా?"

"నిజమే," అన్నాడు మామయ్య. ఆ గది గుర్తుకొచ్చిందేమో, ముఖం ఒక్క క్షణం వెలిగింది. "చేరిన కొత్తలో మా స్క్వాడ్రన్ పెద్దాయన తప్పు నేను బోర్డు మీద గీసి చూపించాను. ఆయన చప్పట్లు కొట్టాడు."

"చూశారా? నేను ఎయిర్‌లైన్స్‌లో చేరిన కొత్తలో మా కెప్టెన్ తప్పుడు ఎత్తుకి దిగుతుంటే చూసి కూడా నోరు మూసుక్కూర్చున్నాను. నెత్తి మీద చదువు అప్పు ఉంది, ఉద్యోగం పోతుందని భయం. కంట్రోల్ టవర్ వాళ్ళు అరిచారు కాబట్టి బతికాం. మీ గదిలో రెండేళ్ళు కూర్చుని వచ్చుంటే నేను అరిచేదాన్ని."

"గదిలో అరుస్తారండీ. గాల్లో అరవడానికి పక్కన ఎవరున్నారు?"

"అరవడం వస్తే ఎక్కడైనా అరవొచ్చు."

"వినే అలవాటు పోతుందంటున్నాను నేను."

"చెప్పే అలవాటే లేదంటున్నాను నేను."

పిట్ట ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నిన్నటిదాకా ఈయన అటు లాగాడు, ఈవిడ ఇటు లాగింది. ఎవరి దారిని వాళ్ళు పొగుడుకున్నారు, అందులో ఓ న్యాయం ఉంది. ఇవాళ ఇద్దరూ ఒక్క గంటలో ప్లేటు ఫిరాయించి, ఎవరి దారిని వాళ్ళే తిట్టుకుంటున్నారు. ఘోరమేమిటంటే ఇద్దరూ చెప్పింది నిజంలాగే ఉంది. నిన్న తన బుర్రలో రెండు దారులుండేవి, ఇప్పుడు నాలుగయ్యాయి.

"అయితే నన్నేం చెయ్యమంటారు?" అంది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"నీ ఇష్టం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పిట్టకి ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు చెవులు చిల్లులు పడేలా చెప్పి, తీరా రైలు రేపనగా నీ ఇష్టమట. ఏదో ఒకటి అనేసేదే, ఈలోపు ఫోను మోగింది. అమ్మ.

"ఎక్కడున్నావే?"

"చెప్పాను కదమ్మా, స్నేహితురాలి..."

"సరేలే. రేపటి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టాను. నీలం చొక్కా వేసుకో, ఇంటర్వ్యూకి అది హుందాగా ఉంటుంది. బూట్లు పాలిష్ పట్టించుకురా."

"ఇంటర్వ్యూకా? నువ్వు వద్దన్నావు కదా దళం?"

"అన్నాను. రాత్రంతా ఆలోచించాను. మీ మామయ్య చెప్పిందే నయమనిపించింది. పొద్దున్న స్కూలుకి ఫోన్ చేసి మా అమ్మాయి రావట్లేదని చెప్పేశాను. వెయిటింగులో ఉన్న పిల్లాడికి ఇస్తామన్నారు. ఆదివారమైనా ఆఫీసు తెరిచే ఉందట, సాయంత్రం మూసేలోపు వాడొచ్చి చేరిపోతాడట."

"నన్నడక్కుండానా అమ్మా?"

"నిన్నడిగితే నువ్వు రెండూ కావాలంటావు. నెల్నుంచీ చూడట్లేదూ?" అమ్మ గొంతులో కోపం లేదు. అలసట ఉంది, ఇంకేదో కూడా ఉంది. "నీ పక్కనే ఉన్నాడుగా, వాడికివ్వు ఫోను."

"ఎవరమ్మా?"

"మీ మామయ్యేనే. ఇవ్వు."

పిట్ట స్పీకర్ నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది. చేతిలో పట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. మామయ్య మొహం మాడిపోయి ఉంది. ఏ మాట అయితే అక్క తలకెక్కాలని నెలల తరబడి పోరుపెట్టాడో ఆ మాట తలకెక్కింది, తీరా తను దాన్ని వెనక్కి తీసుకున్నాక. కక్కలేడు, మింగలేడు.

"అక్కా," అన్నాడు. "దాన్ని రైలెక్కించకు. నేను చెప్పినవన్నీ... అది కాదక్కా. నీకో సంగతి చెప్పలేదు. నాకు ఒంట్లో బాగోలేక కాదు సెలవు పెట్టింది. పరీక్ష పోయింది. దళంలో పట్టిన అలవాటు వల్లే పోయింది. అక్కడికి పోతే ఇదీ నాలాగే అవుతుంది."

ఫోనులోంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"తెలుసురా," అంది అమ్మ. "అందుకే దాన్ని అక్కడికి పంపిస్తున్నాను."

అంతే, పెట్టేసింది.

మామయ్య టీచరమ్మ వైపు చూశాడు. టీచరమ్మ చల్లారిన కాఫీ వైపు చూసింది. అమ్మకి ఆ సంగతి ఎవరు చెప్పి ఉంటారో, పొద్దున్న స్కూలులో ఆ ఫోను ఎవరు ఎత్తి ఉంటారో పిట్టకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. అంటే సీటు పోయిందని ఈవిడకి ముందే తెలుసు. తెలిసే దళంలో చేరమంది. అది నిజంగా నమ్మి చెప్పిన మాటా, సీటు పోయిన గాయానికి కట్టిన కట్టా?

"మేడమ్, మీరు..."

"ఇంట్లో మీ అమ్మనడుగు," అంది టీచరమ్మ తలెత్తకుండా. "చెప్పాల్సింది ఆవిడ."

తమ్ముణ్ణి ఏ అలవాటు ముంచిందో తెలిసి, అదే అలవాటు చేసే చోటికి కూతుర్ని పంపించే తల్లి మనసులో ఏముంటుంది? పిట్ట ఎంత ఆలోచించినా అంతు దొరకలేదు. అందరికీ అన్నీ తెలుసు, ఏమీ తెలీనిది తనకే. ఎగరాల్సింది కూడా తనే.

బల్ల మీద ఫోను తీసుకుని జేబులో పెట్టుకుంది. "నేను దింపుతాను ఉండు," అంటూ మామయ్య లేవబోయాడు. పిట్ట వద్దని చెయ్యి ఊపి గుమ్మం దాటింది.

బయట ఎండ కళ్ళలో గుచ్చుకుంది. గోడౌన్ల ముందు రోడ్డు ఖాళీగా ఉంది. ఇంటికి పోయే బస్సు ఇటుపక్క ఆగుతుంది. ఫ్లయింగ్ స్కూలుకి పోయేది అవతలి పక్క. ఆ పిల్లాడెవరో ఈపాటికి బయల్దేరే ఉంటాడు. వాడి సీటు లాక్కునే హక్కు తనకి ఉందా? అసలు ఆ సీటు తనకి కావాలా, లేక పోయిందన్నారు కాబట్టి కావాలనిపిస్తోందా? పిట్ట నిజాయితీగా తనని తాను అడిగి చూసుకుంది. దూరంగా ఇంటి బస్సు వస్తోంది. డ్రైవరు తనని చూసి వేగం తగ్గించాడు కూడా.

పిట్ట రోడ్డు దాటింది.